తుపానును ఇంటి నుంచే గమనించే పద్ధతి: విజయవాడ, గుంటూరు వాసులకు

2024 ఆగస్టు 31, శనివారం నాడు నేను గుంటూరులోని మా ఇంట్లో కూర్చుని రోజంతా బంగాళాఖాతంలోని వాయుగుండం కేంద్రాన్ని మాత్రమే చూస్తూ గడిపాను. అది కళింగపట్నం వైపు వెళ్తున్నదని, మనకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో తీరం దాటుతుందని తేల్చుకుని, విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా పిన్నికి ఫోన్ చేసి భయపడవలసిన పని లేదని చెప్పాను. వాయుగుండం ఆ అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఆదివారం బుడమేరుకు గండ్లు పడి పిన్ని వాళ్ల కింది వాటా మునిగిపోయింది. సోమవారం ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయింది. 1957లో బ్యారేజీ పూర్తయిన నాటి నుంచి అంత ప్రవాహం ఎన్నడూ రాలేదు. కేంద్రం గురించి నేను వేసిన లెక్క సరిపోయింది గానీ, చూడవలసిన వానను, ఎగువ నదులను నేను చూడనే లేదు.

వాతావరణాన్ని గమనించడం మీద మక్కువ ఉండి, దానిని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే మన ప్రాంతం వారి కోసం, ఆ రోజు తరువాత నేను మార్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఫోను, ఒక గరాటు, ఒక సీసా ఉంటే చాలు.

ముందుగా తెలుసుకోవలసిన మాటలు

వార్తల్లో వినిపించే మాటలన్నింటికీ వాతావరణ శాఖ నిర్దిష్టమైన గాలి వేగాలను నిర్ణయించింది. గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం, 31 నుంచి 50 వరకు వాయుగుండం, 62 కంటే తక్కువగా ఉన్నంతవరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 వరకు తుపాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను అవుతాయి. ఆ పైన అతి తీవ్రం, అత్యంత తీవ్రం దాటి 222 కిలోమీటర్లకు చేరితే పెను తుపాను. తుపాను స్థాయికి వచ్చిన తరువాతే దానికి పేరు పెడతారు. 2024లో విజయవాడను ముంచినదానికి పేరు లేకపోవడానికి కారణం ఇదే, పేరు లేనిదాన్ని జనం తేలిగ్గా తీసుకోవడానికి కారణం కూడా ఇదే.

వానకు వేరే కొలత ఉంది. ఉదయం 8.30 నుంచి మరునాడు ఉదయం 8.30 వరకు 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. గాలి హెచ్చరికను, వాన హెచ్చరికను ఎప్పుడూ విడివిడిగా చదవండి. వాయుగుండం బలహీనపడిందన్న వార్త వచ్చిన రోజునే అత్యంత భారీ వర్షాల రెడ్ అలర్ట్ కూడా ఉండవచ్చు, ఆ రెండింటిలో ఏ వైరుధ్యమూ లేదు.

తుపాను హెచ్చరికలు నాలుగు దశలలో వస్తాయి. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక, 24 గంటల ముందు నారింజ, తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు. మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ఎగరవేసే ఒకటి నుంచి పదకొండు వరకు గల ప్రమాద సూచికలు ఓడలకూ మత్స్యకారులకూ ఉద్దేశించినవి కనుక, ఊళ్లో ఉన్న మనం వాటిని బట్టి నిర్ణయాలు తీసుకోవలసిన పని లేదు.

నోటుపుస్తకం, భారమితి, గరాటు

ఈ అభిరుచిలో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచింది నోటుపుస్తకమే. రోజూ ఒకే వేళకు, తుపాను ఉన్నా లేకపోయినా, వాయుపీడనం, గాలి దిక్కు, మబ్బు తీరు, వాన కొలత రాయాలి. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియనివారు మారిన రోజును గుర్తుపట్టలేరు.

పీడనాన్ని చూడడానికి చాలా ఫోన్లలోనే సెన్సరు ఉంటుంది. లేనివారు గన్నవరం విమానాశ్రయం నుంచి వెలువడే మెటార్ అనే వాతావరణ నివేదికలో క్యూ (Q) అనే అక్షరం పక్కన ఉన్న నాలుగు అంకెలను చూసుకోవచ్చు. ఇక్కడ కొత్తవారందరూ పొరపాటు పడే సంగతి ఒకటి ఉంది. మన అక్షాంశాల్లో పీడనం ఏ తుపానూ లేకుండానే రోజుకు రెండుసార్లు ఎగసి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువగా ఉంటుంది. ఉదయం పదికీ సాయంత్రం నాలుగుకూ మధ్య మూడు నాలుగు హెక్టోపాస్కళ్ల (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేడా రావడం సహజం. అందువల్ల పొద్దునకూ సాయంత్రానికీ మధ్య పడిపోయిన అంకెను చూసి కంగారు పడకూడదు. ఈ రోజు పది గంటల అంకెను నిన్నటి పది గంటల అంకెతోనే పోల్చాలి. అలా పోల్చినప్పుడు మూడు, అంతకు మించి తగ్గితే, సముద్రంలో ఏదో దగ్గరపడుతున్నదని నేను గంట గంటకూ రాయడం మొదలుపెడతాను. ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ మారుతుంది కాబట్టి, ఒకసారి డాబా మీద, మరొకసారి కింది వాటాలో చూసిన అంకెలను కలిపి రాయవద్దు.

వానకొలతకు వంటింటి గరాటు సరిపోతుంది. నోరు సరిగ్గా పది సెంటీమీటర్లు ఉన్న గరాటును రెండు లీటర్ల సీసా మూతిలో బిగించి, గాలికి పడిపోకుండా ఇసుక నింపిన బకెట్‌లో నిలబెట్టాలి. ఆ గరాటు నోటి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు కనుక, ఒక మిల్లీమీటరు వాన పడితే సీసాలో దాదాపు 7.85 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఆ నీటిని కొలగ్లాసులో పోసి, వచ్చిన మిల్లీలీటర్లను 7.85తో భాగిస్తే వాన మిల్లీమీటర్లలో తెలుస్తుంది. 157 మిల్లీలీటర్లు ఉంటే 20 మిల్లీమీటర్లు. 785 ఉంటే వంద. రెండు లీటర్ల సీసా 250 మిల్లీమీటర్ల వరకు పట్టగలదు గనుక తుపాను రాత్రి మధ్యలో లేవవలసిన అవసరం సాధారణంగా రాదు. పిట్టగోడ పక్కన పెడితే ఈదురుగాలికి వాన సగం పడదు. గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. మా డాబా మీద నేను మొదట నీళ్ల ట్యాంకు నీడన పెట్టి, ఒక వానాకాలమంతా తక్కువ అంకెలు రాసుకున్నాను. ఆ పేజీలను కొట్టివేయకుండా, పక్కన కారణం రాసి ఉంచాను.

గాలి దిక్కు మరింత సులభం. 1857లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం, ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు చూపి నిలబడితే అల్పపీడనం మన ఎడమచేతి వైపు ఉంటుంది. నేల మీద రాపిడి వల్ల గాలి కొంత లోపలికి వాలుతుంది కాబట్టి, ఎడమచేతిని చాచి కొద్దిగా ముందుకు జరిపితే కేంద్రం ఉన్న దిక్కు దాదాపుగా దొరుకుతుంది. నెట్ పోయి, కరెంటు పోయి, చీకట్లో కూర్చున్న రాత్రి కూడా ఈ సూత్రం పనిచేస్తుంది.

బులెటిన్‌ను పటం మీదకు తెచ్చుకోవడం

బంగాళాఖాతపు తుపాన్లకు అధికారిక మూలం భారత వాతావరణ శాఖ ఒక్కటే. ఢిల్లీలోని ప్రాంతీయ ప్రత్యేక కేంద్రం, విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం, అమరావతి వాతావరణ కేంద్రం వెలువరించే బులెటిన్లను చదవండి. తుపానుగా మారిన తరువాత మూడు గంటలకు ఒకసారి బులెటిన్ వస్తుంది. ప్రతిదానిలోనూ కేంద్రం ఉన్న అక్షాంశం, రేఖాంశం, గడచిన గంటల్లో కదిలిన వేగం, దిశ ఉంటాయి. వాటిని కాగితపు పటం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టి, ప్రతి చుక్క పక్కన వేళ రాయాలి. ఫోను తెరమీద గీత చూడడం వేరు, స్వయంగా చుక్క పెట్టడం వేరు. తుపాను నిలిచిపోయిన, మలుపు తిరిగిన క్షణం చేతికి తెలుస్తుంది.

దూరాల లెక్కకు, ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లనీ, మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కిలోమీటర్లనీ గుర్తుంచుకోండి. విజయవాడ 16.5 ఉత్తరం, 80.6 తూర్పు, గుంటూరు 16.3, 80.4, బాపట్ల 15.9, 80.5; మచిలీపట్నం 16.2, 81.1. ముందు రాబోయే దారిని బులెటిన్‌లో శంకు ఆకారంలో చూపుతారు. కేంద్రం ఆ శంకు లోపల ఎక్కడికైనా రావచ్చు కాబట్టి, మధ్యగీతను తుపాను దారిగా ఎన్నడూ భావించకూడదు. శంకు అంచుకు బయట ఉన్న ఊరికి వాన రాదని అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

తరువాత తేల్చుకోవలసింది మనం దారికి ఏ పక్కన ఉన్నామన్నది. తుపాను కదిలే దిశకు కుడిపక్కన గాలి వేగం, కదలిక వేగం కలిసి ఉద్ధృతి ఎక్కువవుతుంది. సముద్రాన్ని ఒడ్డుకు నెట్టే గాలి కూడా ఆ పక్కనే ఉంటుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆనాడు దివిసీమ తుపాను దారికి కుడిపక్కన ఉంది. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. ఇలా కేంద్రం మనకు దక్షిణంగా తీరానికి వచ్చి పడమర, వాయవ్యాలకు సాగితే విజయవాడ, గుంటూరు కుడిపక్కకు వస్తాయి, గాలి ఈశాన్యం నుంచి తూర్పుకూ ఆగ్నేయానికీ తిరుగుతూ తడిని మోసుకొస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం ప్రాంతంలో దాటినట్లు కేంద్రం మనకు ఉత్తరంగా పోతే, గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, ఆపైన వాయవ్యానికి మారుతుంది. అంటే మన డాబా మీద గాలి తిరిగే తీరును బట్టి, టీవీ చెప్పకముందే కేంద్రం ఏ పక్క నుంచి పోతున్నదో మనకు తెలిసిపోతుంది.

ఉపగ్రహ చిత్రం, రాడార్

ఇన్‌శాట్ 3డీఆర్, ఇన్‌శాట్ 3డీఎస్ చిత్రాలు వాతావరణ శాఖ సైటులోనూ, ఇస్రో వారి మోస్‌డాక్ సైటులోనూ ఉచితంగా దొరుకుతాయి. వాటి మీద ఉన్న వేళ యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన వేళ వస్తుంది. మిచాంగ్ రాత్రి నేను 18.00 అని ఉన్న చిత్రాన్ని సాయంత్రం ఆరు గంటలదనుకుని పాతదిగా పక్కన పెట్టాను. అది అప్పుడే వచ్చిన రాత్రి పదకొండున్నర చిత్రం. అప్పటి నుంచి నోటుపుస్తకం అట్ట లోపల ఆ కూడిక పట్టికను అతికించుకున్నాను.

మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చూపే ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో తెల్లగా కనిపించినదంతా వాన కాదు. ఎత్తున పరచుకున్న పలుచని మబ్బు కూడా తెల్లగానే ఉంటుంది. అసలు వాన ఎక్కడ పడుతున్నదో చెప్పేది రాడార్. మన అదృష్టం కొద్దీ మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది, విజయవాడకు అది డెబ్బై కిలోమీటర్ల లోపే. అందులో డీబీజెడ్ అనే కొలత 20 దగ్గర జల్లు, 40 దాటితే జోరువాన, 50 దాటితే కుండపోత లేదా వడగళ్లు. ఒక్క చిత్రాన్ని చూసి ఆగిపోకుండా వరుసగా నాలుగైదు చిత్రాలను పోల్చండి. వానపట్టీ కదిలి పోతున్నదా, లేక ఒకే చోట మళ్లీ మళ్లీ పుడుతున్నదా అన్నదే ప్రశ్న. గంటల తరబడి ఒకే ఊరి మీద నిలిచే పట్టీ, వేగంగా దాటిపోయే తుపాను కంటే మనల్ని ఎక్కువగా ముంచుతుంది.

విండీ వంటి యాప్‌లలో కనిపించే యూరోపియన్, అమెరికన్ మోడళ్లను (కంప్యూటరు లెక్కించిన వాతావరణ అంచనాలను) తప్పక చూడండి గానీ, పది రోజుల తరువాతి తుపానును ఎవరికీ చూపవద్దు. రెండు మోడళ్లు వరుసగా రెండు మూడు పూటలు ఒకే మాట చెబితేనే నేను నోటుపుస్తకంలో రాస్తాను.

ఎగువ నీరు

పిన్ని ఇంటి అనుభవం తరువాత నా పద్ధతిలో చేరిన భాగం ఇది. మన రెండు ఊళ్ల మీద పడే వాన కంటే ఎగువన పడే వాన ఆలస్యంగా, మబ్బులు విడిపోయి ఎండ కాసే వేళకు కూడా వచ్చి చేరవచ్చు. కృష్ణకు శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాలున్నాయి, అక్కడి నుంచి వదిలే నీటి వివరాలు గంట గంటకూ ప్రకటిస్తారు. అయితే ఖమ్మం మీదుగా వచ్చే మున్నేరు పులిచింతలకు దిగువన కృష్ణలో కలుస్తుంది. ఆ నీటిని పట్టి ఉంచే పెద్ద డ్యామ్ దారిలో లేదు. బుడమేరు సంగతీ అంతే, మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన నేరుగా విజయవాడ ముఖం పడుతుంది.

కాబట్టి భారీ వర్ష సూచన ఉన్న రోజున చూడవలసిన ఊళ్ల పేర్లు వేరు. ఖమ్మం, మహబూబాబాద్, నందిగామ, మైలవరం, తిరువూరు వానకొలతలను రాసుకోండి. కేంద్ర జల సంఘం వరద సూచనల సైటులో నదీమట్టాలు కనిపిస్తాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవది ఇస్తారు. బ్యారేజీకి వస్తున్న నీరు గంటకు ఎంత పెరుగుతున్నదో పక్కపక్కన రాస్తూ పోతే, కృష్ణలంక, యనమలకుదురు, లంక గ్రామాల వారికి ఎంత వ్యవధి ఉందో మీకే అర్థమవుతుంది. మీ వీధి పల్లమా, మెరకా అన్నది కూడా రాసుకోవాలి; పాతికేళ్లుగా అక్కడే ఉన్న పెద్దలను అడిగితే ఏ ఏట నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో చెబుతారు.

వేసవి గాలివానలు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఉక్కపోత పెరిగి, సాయంత్రానికి ఒక్కసారిగా విరుచుకుపడే గాలివానకు మూడు రోజుల ముందస్తు హెచ్చరిక ఉండదు. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత పడమటి ఆకాశాన్ని చూడాలి. గుట్టగా పెరిగిన మబ్బు తల పైన కమ్మరి దాగలిలా చదునుగా విచ్చుకున్నదంటే, అందులో పిడుగులున్నట్లే. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించే దాకా లెక్కించిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉంటే డాబా దిగి లోపలికి వెళ్లండి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రావద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపుతుంది. కళ్లంలో మిర్చి ఆరబోసుకున్న రైతు బంధువులెవరైనా మీకుంటే, గాలివానకు అరగంట ముందు మీరు చేసే ఫోను వారికి పట్టాలు కప్పుకునేంత వ్యవధి ఇస్తుంది.

అమెరికాలో పిల్లలున్నవారికి మంచు తుపాను

మన రెండు ఊళ్లలో ఎందరో తల్లిదండ్రులు జనవరి రాత్రుల్లో న్యూజెర్సీ, బోస్టన్, షికాగో వాతావరణం చూస్తూ ఉంటారు. వారికి పై పద్ధతిలో చాలా భాగం అలాగే పనికొస్తుంది. అక్కడి అధికారిక మూలం నేషనల్ వెదర్ సర్వీస్. దాని హెచ్చరికల్లో వాచ్ అంటే మంచు తుపానుకు అవకాశం ఉందని, వార్నింగ్ అంటే దాదాపు ఖాయమని, లేదా మొదలైందని అర్థం. బ్లిజార్డ్ అనాలంటే మంచు ఎంత పడిందన్నది చాలదు. గాలి గంటకు 56 కిలోమీటర్లు దాటి, మంచు రేగి, చూపు నాలుగు వందల మీటర్లకు మించి ఆనని పరిస్థితి కనీసం మూడు గంటలు కొనసాగాలి. తూర్పు తీరాన అల్పపీడన కేంద్రం సముద్రం మీదుగా ఉత్తరానికి పోతుంటే, మంచు సాధారణంగా దారికి ఎడమపక్కన, వాన కుడిపక్కన పడతాయి. కేంద్రం కొద్దిగా పక్కకు జరిగితే చాలు, అడుగు మంచు అనుకున్న ఊళ్లో వాన కురుస్తుంది. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీరు అవుతుందన్నది మోటు లెక్క. చలి ఎక్కువైతే మంచు ఇంకా పొడిగా, ఎత్తుగా పేరుకుంటుంది. అక్కడి పటాల్లో వేళ పక్కన జెడ్ అక్షరం ఉంటే అది కూడా యూటీసీయే.

నలుగురికి చెప్పేటప్పుడు

చూసినదాన్ని ఇంట్లో వారికీ, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకూ చెప్పాలనిపించడం సహజం. చెప్పినప్పుడు బులెటిన్ సంఖ్య, వేళ తప్పక రాయండి. మీ అంచనాను మీ అంచనాగానే చెప్పి, శాఖ చెప్పినదానితో కలపవద్దు. ఎక్కడిదో తెలియని వీడియోను పంపవద్దు. విపత్తుల నిర్వహణ చట్టం 2005లోని 54వ సెక్షన్ ప్రకారం భయాందోళన కలిగించే అబద్ధపు హెచ్చరికకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. సూర్యలంక అలలను చూడడానికి గానీ, వరద వేళ బ్యారేజీ మీదికి గానీ, నీరు పారుతున్న చప్టా దాటడానికి గానీ వెళ్లకండి. అమెరికా మైదానాల్లో కారులో తుపాను వెంట తిరిగేవారి తీరు మన వరి చేల మధ్య రోడ్లకు సరిపడదు. గమనించవలసినదంతా డాబా మీదా, తెర మీదా, పుస్తకంలోనూ దొరుకుతుంది. సహాయం అవసరమైతే 112 నంబరుకు ఫోన్ చేయాలి.

తీరం దాటిన మరునాడు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీరు కొలిచి రాసి, శాఖ ప్రకటించిన మీ మండలపు అంకెను పక్కన వేయండి. మీ పీడనం ఏ గంటకు అన్నింటికంటే తగ్గిందో, గాలి ఏ గంటకు తిరిగిందో పటం మీది చుక్కలతో సరిచూసుకోండి. ఎగువ ఊళ్ల వాన బ్యారేజీకి చేరడానికి ఎన్ని గంటలు పట్టిందో లెక్కగట్టి ఎర్ర సిరాతో రాసి, నది మట్టం రెండు రోజుల పాటు తగ్గుతూ కనిపించే దాకా ఆ పేజీని ముగించకండి.